లేని మరీసా

మరీసా అనే అమ్మాయిని లిండ్సే క్రాడక్ ఒక సోమవారం పొద్దున్న, చేతిలో టీ కప్పు ఉండగా, అప్పటికప్పుడు పుట్టించాడు.

కుంబారా వైమానిక స్థావరంలోని కాపలా కుక్కల దళానికి అతను బదిలీ మీద వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. సెలవు రెండు రోజులూ ఎవరెక్కడ తిరిగారో, ఎవరెంత తాగారో అందరూ చెప్పుకుంటున్నారు. దళం సార్జంటు మెర్వ్ టోలీ ఇతని వైపు తిరిగాడు.

"నువ్వేం చేశావురా? శుక్రవారం సాయంత్రం బండెక్కినవాడివి, మళ్లీ ఇవాళేగా కనపడ్డం."

"మిల్లాబీ వెళ్లాను సార్జంట్. అక్కడ తెలిసినవాళ్లున్నారు."

"తెలిసినవాళ్లయితే చెవులు అలా ఎర్రబడ్డాయేం? పేరు చెప్పు."

అందరూ గొల్లున నవ్వారు. నోటికి ఏది తోస్తే అది అనేశాడు లిండ్సే. "మరీసా."

అసలు పేరు రెనాటో. మిల్లాబీ చక్కెర మిల్లులో ఫిట్టరు. చెరుకు తోటల మధ్య రోడ్డు మీద లిండ్సే కారు ఆగిపోయినప్పుడు, మిల్లు నుంచి ఇంటికి పోతూ ఆగి, బానెట్ ఎత్తి, అరగంటలో బాగు చేసి, "ఆకలేస్తోందా?" అని అడిగినవాడు. ఆ సంగతి టీ బల్ల దగ్గర చెప్పడానికి వీల్లేదు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియా సైన్యంలో మగవాడు మగవాణ్ణి ప్రేమించినా, ఆడది ఆడదాన్ని ప్రేమించినా ఉద్యోగం ఊడినట్టే. అలాంటివాళ్లని కనిపెట్టి, ప్రశ్నలడిగి, ఇంటికి పంపించే పని వైమానిక దళం పోలీసులది. కుక్కల దళం ఆ పోలీసు విభాగంలోదే. లిండ్సే తినేది ఆ విభాగం తిండి, తొడిగేది ఆ విభాగం చొక్కా.

పుట్టించిన మనిషిని పెంచక తప్పదు. క్రిస్మస్ విందుకి ఆ అమ్మాయి ఎందుకు రాలేదంటే, ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ ఉంది. ఈస్టరుకి ఎందుకు రాలేదంటే, వాళ్లమ్మకి మోకాలు ఆపరేషన్. టోలీ ఏదీ మరిచిపోయే రకం కాదు. "మోకాలు ఎలా ఉందిరా ఆవిడకి? కర్ర లేకుండా నడుస్తోందా?" అని నెలకోసారైనా అడిగేవాడు. టోలీ భార్య బెవ్ ఏటా తన పెరట్లో కాసిన ఎర్ర గోంగూర కాయలతో జామ్ వండి, ఒక సీసా మీద "మరీసాకి" అని చీటీ అంటించి పంపేది. ఆరేళ్లలో ఆరు సీసాలు. ఒక్కో సీసా అందుకుని లిండ్సే ఆ చీటీ వైపు చూడకుండానే సంచిలో వేసుకునేవాడు.

ఆ అబద్ధాల బాధ మరిచిపోయేది ఒక్క టిల్లీ దగ్గరే. టిల్లీ అతను తిప్పే కాపలా కుక్క, ఐదేళ్ల ఆడ జర్మన్ షెపర్డ్. పేరు చూసి ముద్దుగా ఉంటుందనుకుని దగ్గరికి పోయిన ముగ్గురు పైలట్ల పంట్లాములు చించింది. కంచె పక్కన ఎనిమిది గంటల కాపలాలో అది లిండ్సేని ఏమీ అడగదు, అతను దానికి ఏ అబద్ధమూ చెప్పక్కర్లేదు.

తొంభై రెండు అక్టోబరు నెలాఖర్లో పేరు లేని ఉత్తరం ఒకటి పై ఆఫీసుకి చేరింది. ఎవరు రాశారో లిండ్సేకి చివరిదాకా తెలియలేదు. దక్షిణం నుంచి ఇద్దరు విచారణ అధికారులు విమానంలో వచ్చారు. అతని గది సోదా చేశారు. బీరువాలో చొక్కాల కింద ఒక ఫోటో దొరికింది. సముద్రపు ఒడ్డున ఇద్దరు మగవాళ్లు, ఒకడి భుజం మీద ఇంకొకడి గడ్డం.

"ఇతనెవరు?"

"రెనాటో."

"నీకేమవుతాడు?"

ఉద్యోగంలో చేరిన ఈ తొమ్మిదేళ్లుగా ఇలాంటి ప్రశ్నకి రకరకాల జవాబులు తయారుగా పెట్టుకున్నాడు లిండ్సే. తీరా అడిగేసరికి అవేవీ వాడాలనిపించలేదు. బాగా అలిసిపోయినట్టు అనిపించింది.

"తెలిసే అడుగుతున్నారు కదండీ. రాసుకోండి."

వాళ్లు రాసుకున్నారు. ఒక కాగితం చేతికిచ్చారు. నవంబరు ఇరవై ఏడులోగా తనంతట తను రాజీనామా మీద సంతకం పెడితే రికార్డు మీద మచ్చ ఉండదు. పెట్టకపోతే కారణం రాసి మరీ పంపించేస్తారు. అందాకా డ్యూటీ లేదు, స్థావరంలోకి రాకూడదు, కుక్కని అప్పగించాలి.

కుక్కల కొట్టం దగ్గర టిల్లీ పట్టీ అందుకోడానికి టోలీయే వచ్చాడు. పక్కన గ్యావిన్ స్ట్రౌడ్ అనే ఇంకో కార్పొరల్. ఇకనుంచి టిల్లీని తిప్పాల్సింది అతనే. టోలీ లిండ్సే మొహంలోకి చూడలేదు. పట్టీకి ఉన్న ఇత్తడి కొక్కేన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఆ మరీసా..." అన్నాడు చివరికి.

"మరీసా లేదు సార్జంట్."

"మరి వాళ్లమ్మ మోకాలు?"

"అదీ లేదు."

టోలీ తల ఊపాడు. టిల్లీని తీసుకుని నడిచాడు. అది పది అడుగులకోసారి ఆగి వెనక్కి చూస్తూ, లాగితే కదులుతూ, కొట్టం మలుపు తిరిగింది. లిండ్సే కారెక్కి మిల్లాబీ దారి పట్టాడు.

మిల్లాబీలో రెనాటో ఇల్లు వాళ్లమ్మ అసుంతా ఇంటి వెనకాలే ఉంది. మధ్యలో మామిడి చెట్టు, బట్టల తీగ. అసుంతా ముసలావిడ లిండ్సే పెట్టె చూసింది, మొహం చూసింది, లోపలికి పోయి బంగాళదుంప ఉండలు ఉడకేసింది.

"ఉద్యోగం పోతే పోయింది, తిను. మిల్లులో వేయిస్తాను. మా ఆయన స్నేహితులు ఇంకా కొందరు బతికే ఉన్నారు."

"నాకు మిల్లు పని రాదమ్మా."

"కుక్కల పని పుట్టుకతో వచ్చిందా నీకు? తిను ముందు."

మొదటి వారం రెనాటో గాల్లో తేలిపోతున్నట్టు తిరిగాడు. పొద్దున్న ఇద్దరూ కలిసి బేకరీకి నడిచారు. ఆరేళ్లలో ఎప్పుడూ అలా నడవలేదు. ఎవరైనా స్థావరంవాళ్లు తగులుతారేమోనని లిండ్సే ఎప్పుడూ రోడ్డుకి అవతలి పక్కనే నడిచేవాడు. ఇప్పుడు ఒకే పక్కన, ఒకే సంచి పట్టుకుని. రెనాటో బేకరీ ఆవిడతో అవసరం లేని కబుర్లన్నీ చెప్పాడు. ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీదున్న రాజీనామా కాగితం చూసి, "ఇవాళే పెట్టెయ్ సంతకం. పీడా పోతుంది" అన్నాడు.

"ఇంకా టైముంది."

"టైముండి ఏం చేస్తావు? వాళ్లు మనసు మార్చుకుంటారా?"

"తొమ్మిదేళ్లు చేశాను రెనాటో. ఒక్క సంతకంతో..."

"ఆరేళ్లు నేనూ చేశాను ఈ ఉద్యోగం! ఫోన్ మోగితే ఎత్తకూడదు. నీ పుట్టినరోజుకి కార్డు పంపకూడదు. నిరుడు నీకు జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడుంటే గేటు బయట రెండు గంటలు కార్లో కూర్చుని వెనక్కి వచ్చేశాను. గుర్తుందా? నాకు జీతం కూడా ఇవ్వలేదు ఎవరూ."

రెనాటో చెప్పింది నిజమే. ఐదు గంటలకి టిల్లీకి అన్నం పెట్టే వేళ అవుతుందని ఏ రోజుకా రోజు లిండ్సే చేతులకి గుర్తుకు రావడమూ నిజమే. ఆ వేళకి చేతులు ఊరికే ఉండలేక పెరట్లో రాలిన మామిడికాయలు ఏరేవాడు. అక్కడ నవంబరే మామిడి కాలం, బుట్టలు నిండిపోయాయి. అసుంతా వీధంతా పంచిపెట్టింది.

రోజులు గడిచేకొద్దీ రెనాటో హుషారు తగ్గింది. తనకి దొరికిన మనిషి సగమే ఇంట్లో ఉన్నాడని అతనికి తెలిసొచ్చింది. సంతకం మాట ఎత్తడం మానేశాడు. చెరుకు ఆడటం ఆఖరి దశకొచ్చి మిల్లులో పని ఎక్కువైంది. మడ్డి వాసనతో ఇంటికొచ్చి, బల్ల మీద కాగితం అలాగే ఉందో లేదో ఓరగా చూసేవాడు.

నవంబరు ఇరవై మూడు, సోమవారం. లిండ్సే వంటింట్లో చాకు పట్టుకుని గుమ్మడికాయ చెక్కు తీస్తున్నాడు. రేడియోలో క్రికెట్ ఆపి వార్తలు మొదలెట్టారు. సైన్యంలో స్వలింగ ప్రేమికులపై ఉన్న నిషేధాన్ని కేబినెట్ ఎత్తేసిందని, ఈ రోజు నుంచే అమలులోకి వస్తుందని చదివింది ఒకావిడ. తర్వాత వర్షం వార్త చదివింది.

లిండ్సే చాకు కింద పెట్టాడు. తను విన్నది సరిగానే విన్నాడో లేదో తెలియలేదు. చెవి రేడియోకి ఆనించి కూర్చున్నాడు. అరగంట తర్వాత మళ్లీ అదే వార్త. ఈసారి మాట మాటా పట్టుకున్నాడు. అప్పుడు మిల్లుకి ఫోన్ చేశాడు. ఆరేళ్లలో అతను మిల్లుకి ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

"ఎవరు కావాలి?"

"రెనాటో."

"ఎవరని చెప్పను?"

"లిండ్సే అని చెప్పండి. ఇంటి నుంచి."

రెనాటో ఫోన్లోకి వచ్చి వార్త అంతా విన్నాడు. వెనకాల మరల రొద వినపడుతోంది. తర్వాత, "అంటే వెళ్తావన్నమాట" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆ రొదలో తెలియలేదు.

"నన్ను రానిస్తారో లేదో తెలీదు."

"రానివ్వకపోతే నేనొచ్చి గేటు పగలగొడతాను. నాకు పనిముట్లున్నాయి."

మంగళవారం స్థావరం నుంచి ఫోన్ రాలేదు. లిండ్సేకి మళ్లీ భయం పట్టుకుంది. నిన్నటివరకూ జరిగిన విచారణలకి ఇది వర్తించదంటారేమో. కేబినెట్ అన్న మాట ఈ కొసకి చేరడానికి నెలలు పడుతుందేమో. బుధవారం పది గంటలకి, వాకిట్లో వైమానిక దళం వ్యాను ఆగింది. వెనక తలుపు లోపల్నుంచి దబదబా బాదుతున్న చప్పుడు. ముందు సీట్లోంచి మెర్వ్ టోలీ దిగాడు, ఇస్త్రీ చొక్కాలో, మొహం గంటు పెట్టుకుని.

"నీ కుక్క తిండి మానేసి పద్దెనిమిది రోజులైంది. నీళ్లు, కాస్త గంజి, అంతే. స్ట్రౌడ్‌ని రెండుసార్లు కరిచింది. కుక్కని స్థావరం దాటించకూడదని రూలుంది. సోమవారం రూళ్లు మారాయన్నారు కదా, అదీ మారే ఉంటుందిలే అనుకుని తీసుకొచ్చాను. పశువుల డాక్టరుకి చూపించడానికని రాశాను పుస్తకంలో. తలుపు తియ్యి."

లిండ్సే తలుపు తీశాడు. టిల్లీ దూకిన ఊపుకి వాకిట్లో వెల్లకిలా పడ్డాడు. అది అతని మొహం, మెడ, చెవులు, అన్నీ నాకి, మళ్లీ ఒక చుట్టు పరిగెత్తి వచ్చి ఛాతీ మీద రెండు కాళ్లూ వేసి నిలబడింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. లిండ్సే దాని మెడ చుట్టూ చేతులు వేసి, బొచ్చులో మొహం దాచుకుని, లేవలేదు. టోలీ మామిడి చెట్టు వైపు తిరిగి కాయల్ని చాలా శ్రద్ధగా చూశాడు.

చప్పుడు విని రెనాటో బయటికొచ్చాడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడు, నిక్కరు మీద ఉన్నాడు.

"నువ్వేనా రెనాటో?"

"నేనే. మీరు టోలీ గారు కదూ? ఆరేళ్లుగా వింటున్నాను."

"నేనూ ఆరేళ్లుగా వింటున్నాను. కాకపోతే వేరే పేరుతో." టోలీ అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "ఒక్కటి చెప్పు నాయనా. బెవ్ పంపిన జామ్ ఎవరు తిన్నారు?"

రెనాటో బుర్ర గోక్కున్నాడు. "నేనే. సీసా తెరిస్తే మూడు రోజులు ఆగదు. మా అమ్మని కూడా ముట్టుకోనివ్వను."

"మూడు రోజులా? అది నెల రావాలి!" టోలీ మొహంలో మొదటిసారి ఏదో సడలింది. తర్వాత లిండ్సే వైపు తిరిగాడు. అప్పుడు గొంతు మారింది.

"కోపమొచ్చింది నాకు. ఇప్పుడూ ఉంది. నువ్వు ఎవరితో ఉంటే నాకేంట్రా? లేని ముసలిదాని మోకాలి కోసం నా భార్య చర్చిలో దండం పెట్టుకుంది."

"నిజం చెబితే మీరేం చేసేవారు సార్జంట్?"

టోలీ వ్యాను తలుపు గొళ్లెం వేశాడు, తీశాడు.

"రిపోర్టు రాసేవాణ్ణి," అన్నాడు. "నా ఉద్యోగం అదే కదా. రాసేవాణ్ణి. ఆ ముక్కే మూడు వారాల నుంచీ బెవ్ నన్ను అడుగుతోంది. ఆవిడకీ అదే చెప్పాను. ఆ రోజు అన్నం పెట్టలేదు నాకు."

ఈలోగా అసుంతా ముసలావిడ ఉడకబెట్టిన మాంసం పళ్లెంలో తెచ్చి టిల్లీ ముందు పెట్టింది. అది లిండ్సే మొహం చూసింది. "తిను" అన్నాడతను. రెండు నిమిషాల్లో పళ్లెం ఖాళీ. ముసలావిడ ఇంకో పళ్లెం తెచ్చింది. ఇది టోలీకి.

"నాకొద్దమ్మా, డ్యూటీలో ఉన్నాను."

"కుక్క డ్యూటీలో లేదా? కూర్చో."

కూర్చున్నాడు. తింటూ, అసలు వచ్చిన పని చెప్పాడు. విచారణ మూసేశారు. ఫైలు తిరిగి పంపేశారు. స్థావరం పెద్దాయన సోమవారం నుంచి డ్యూటీలో చేరమన్నాడు. "అందరూ నీకు దండలేస్తారనుకోకు. ఇద్దరు ముగ్గురు అప్పుడే గొణుగుతున్నారు. ఒకడు బదిలీ కావాలన్నాడు, వెళ్లమన్నాను." లిండ్సే బల్ల మీది రాజీనామా కాగితాన్ని తెచ్చి చూపించాడు. టోలీ ఆ కాగితంతోనే మూతీ, చేతులూ తుడుచుకున్నాడు.

టిల్లీని ఎక్కించుకుని టోలీ వ్యాను వెళ్లిపోయాక లిండ్సే వెళ్లి మంచం మీద వాలాడు. బూట్లు కూడా విప్పలేదు. మూడు వారాలుగా సరిగ్గా నిద్రపోలేదని ఒంటికి అప్పుడే తెలిసినట్టుంది. పట్టపగలు, ఫ్యాన్ కింద, సాయంత్రం దాకా ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. రెనాటో వచ్చి బూట్లు లాగేశాడు, అప్పటికీ మెలకువ రాలేదు.

సోమవారం పొద్దున్న రెనాటోయే కార్లో దింపాడు. గేటు ముందే ఆపాడు. కాపలావాడు వంగి లోపలికి చూసి, "ఎవరు?" అని అడిగితే, "ఇతన్ని దించడానికొచ్చాను" అన్నాడు రెనాటో, స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ. కాపలావాడు సరేనని గేటు ఎత్తాడు. అంతే. ఆ అంతేకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కొట్టం దగ్గర స్ట్రౌడ్ ఎదురొచ్చాడు, చేతికి కట్టుతో.

"చూడు, నాకిదంతా అర్థం కాదు," అన్నాడు సూటిగా. "అర్థమైనట్టు నటించలేను. కానీ నీ కుక్కని మాత్రం నువ్వు తీసుకుపో, దేవుడి మీద ఒట్టు."

"చాలు గ్యావిన్. అదే చాలు."

టీ గదిలో ఒకడు ఇతను రాగానే కప్పు పట్టుకుని బయటికి పోయాడు. లిండ్సే చూశాడు. టీ పోసుకున్నాడు. పంచదార రెండు చెంచాలు వేసుకున్నాడు. ఎవరో క్రికెట్ మాట ఎత్తితే తనూ ఒక మాటన్నాడు.

మధ్యాహ్నం టోలీ తన గదికి పిలిచాడు. బల్ల మీద లిండ్సే సర్వీసు పత్రాలున్నాయి.

"డ్యూటీలో చేరాక ఇవన్నీ మళ్లీ సరిచూడాలంట. రక్తం గ్రూపు అదేనా? మారలేదు కదా? సరే. నీకేదన్నా అయితే ఎవరికి కబురు చెయ్యాలి? ఇక్కడ పెర్త్‌లో మీ అక్క పేరుంది."

"అవును సార్జంట్."

"నిన్ను కంచె దగ్గర పాము కరిచిందనుకో. పెర్త్‌కి ఫోన్ చేస్తే ఆవిడ విమానం ఎక్కి, దిగి, వచ్చేసరికి నువ్వు చావనైనా చస్తావు, లేచి టీ అయినా తాగుతుంటావు. ఎవరి పేరు రాయను?"

లిండ్సే తలుపు వైపు చూశాడు. బార్లా తెరిచే ఉంది. వరండాలో మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. మూసేద్దామని చెయ్యి కదిలింది. మళ్లీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"రెనాటో పేరు."

టోలీ రాశాడు. "బంధుత్వం అని ఒక గడి ఉంది. భార్య, తండ్రి, తల్లి, ఇతరులు. దీన్ని అచ్చేసినవాడికి నీ సంగతి తెలీదు పాపం. స్నేహితుడని రాస్తే సరిపోతుందా?"

"సరిపోదు సార్జంట్."

"నేనూ అదే అనుకున్నాను." టోలీ 'ఇతరులు' కొట్టేసి, పక్కన ఇరుకులో 'ఇంటిమనిషి' అని రాశాడు. "పైవాళ్లు తిప్పి పంపితే మళ్లీ ఇదే రాసి పంపుతాను. ఇంటిపేరు?"

"బోర్తొలుస్సి."

"ఏంటీ?"

"బోర్తొలుస్సి, సార్జంట్."

"నాయనా, నా వల్ల కాదు గానీ, అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పు. గట్టిగా చెప్పు, ఆ ఫ్యాన్ చప్పుడులో వినపడి చావదు."

లిండ్సే గొంతు సవరించుకుని, వరండాలోకి కూడా వినపడేంత గట్టిగా, ఒక్కో అక్షరమే చెప్పడం మొదలెట్టాడు.

"ఎస్‌లు ఒకటా రెండా?" అన్నాడు టోలీ తలెత్తకుండా.

"రెండు సార్జంట్."